కోనసీమలో ఐదు రోజులు తక్కువ ఖర్చులో: కారు మాట్లాడే ముందు రేవుల లెక్క చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ నుంచి మీ దంపతులు, నాలుగేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, మీ అమ్మగారు, మొత్తం ఐదుగురు. సంక్రాంతి సెలవుల్లో ఐదు రోజులు గోదావరి జిల్లాలు చూడాలి. పాపికొండలు, అంతర్వేది, దిండి హౌస్‌బోటు, పంచారామాలు, కోరింగ మడ అడవులు అన్నీ కావాలి. రాజమండ్రిలో దిగి అక్కడే రూము తీసుకుని, రోజూ ఇన్నోవాలో తిరిగి రావాలని ట్రావెల్స్ వాళ్లు ప్లాన్ ఇచ్చారు. వాళ్లు చెప్పిన రేటు చూసి గుండె ఆగినంత పనైంది, ఎక్కడ తగ్గించుకోవాలి అని.

నేను రావులపాలెం వాడిని. నాకూ కార్లు తిరుగుతాయి. కాబట్టి ఐదు రోజులూ కారు వద్దని చెప్పడం నా పొట్ట మీద నేను కొట్టుకోవడమే. అయినా చెప్తాను, ఎందుకంటే మీ ప్లాన్‌లో డబ్బు పోతున్నది కారు రేటు వల్ల కన్నా దారి వల్ల.

మ్యాపు ఒకసారి తెరవండి. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ దాటాక గోదావరి చీలిపోతుంది. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ. వశిష్ఠలోంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. గౌతమికీ వశిష్ఠకీ నడుమ ఉన్నదే కోనసీమ. ఈ పాయల మీద వంతెనలు కొన్నే. గౌతమి మీద పైన జొన్నాడ దగ్గర హైవే వంతెన, కింద యానాం – ఎదుర్లంక వంతెన. వశిష్ఠ మీద పైన సిద్ధాంతం, కింద చించినాడ. రాజమండ్రిలో ఉండి రోజూ కోనసీమకు వెళ్లి రావడమంటే పొద్దున రావులపాలెం దాకా హైవే మీద వచ్చి కిందికి దిగడం, సాయంత్రం అదే దారిన ఎక్కడం. చూసిన దారినే మళ్లీ చూస్తూ, దానికి కిలోమీటరుకు ఇంత అని కట్టడం. అంతర్వేది సముద్రం అంచున ఉంది, రాజమండ్రి బ్యారేజీకి పైన ఉంది. ఆ రెండింటినీ ఒకే రోజులో వెళ్లి రావాలంటే మీ అమ్మగారికి కారు సీటు తప్ప ఇంకేం గుర్తుండదు.

ఇంకో సంగతి. బయటి ఊళ్లకు వెళ్లే కారుకు మా వ్యాపారంలో రోజుకు 300 కిలోమీటర్లు మినిమం అని లెక్క వేస్తారు. మీరు తిరిగినా తిరగకపోయినా ఆ డబ్బు కట్టాల్సిందే. హైదరాబాద్ – తిరుపతి లాంటి ప్రయాణానికి ఆ లెక్క సరిపోతుంది. ఇక్కడ సరిపోదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు వచ్చాక, చాలాచోట్ల ఆ కాలువ గట్లే రోడ్లయ్యాయి. ఒకపక్క కాలువ, ఇంకోపక్క కొబ్బరి తోట, ప్రతి రెండు కిలోమీటర్లకీ ఒక ఊరు, స్పీడ్ బ్రేకర్లు, ఎదురుగా ధాన్యం ట్రాక్టరు. రోజంతా తిరిగినా వంద, నూట ఇరవై కిలోమీటర్లు దాటవు. కిలోమీటరు పదమూడు రూపాయలు అనుకుందాం. 300కి 3,900. తిరిగింది 110 అయితే దాని విలువ 1,430. రోజుకు దాదాపు రెండున్నర వేలు తిరగని దారికి కడుతున్నారు. ఐదు రోజులకు ఎంతో మీరే వేసుకోండి. దానిమీద డ్రైవర్ బత్తా, టోలు, పార్కింగ్.

అందుకని నా సలహా: రాజమండ్రిలో దిగకండి. పడమట గట్టున దిగి, తూర్పు గట్టున రైలు ఎక్కండి.

హైదరాబాద్ నుంచి నరసాపురం వచ్చే ఎక్స్‌ప్రెస్ ఉంది. గుడివాడ, భీమవరం, పాలకొల్లు మీదుగా వస్తుంది. దానికి రండి. తిరుగు ప్రయాణం కాకినాడ నుంచి బయలుదేరే గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో, సామర్లకోటలో ఎక్కేట్టు పెట్టుకోండి. అప్పుడు మీరు పాలకొల్లు నుంచి రాజోలు, అమలాపురం, యానాం మీదుగా సామర్లకోట దాకా ముందుకే వెళ్తారు, సామానుతో వెనక్కి రావడం అనేది ఉండదు. పంచారామాల్లో అమరావతి తప్ప మిగతా నాలుగూ ఈ పక్కనే ఉన్నాయి. భీమవరం గునుపూడిలో సోమారామం, పాలకొల్లులో క్షీరారామం, ఆ చివర ద్రాక్షారామం, సామర్లకోటలో కుమారారామం.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. 2024 నవంబరు దాకా 120 రోజులు ఉండేది. ఆ లెక్కలో ఉంటే మోసపోతారు. ఉదయం 8 గంటలకు కూర్చోవాలి. తత్కాల్ మీద ఆశ పెట్టుకోవద్దు. ముందు రోజు ఏసీకి 10కి, స్లీపర్‌కి 11కి తెరుస్తారు, ఆధార్ లింకు చేసిన అకౌంటు ఉండాలి, పైగా ఎక్స్‌ట్రా చార్జీ. పాపకు ఐదేళ్లు నిండలేదు కాబట్టి బెర్తు అడగకపోతే టికెట్టే అక్కర్లేదు. బాబుకు రెండు దారులు: బెర్తు వద్దంటే సగం టికెట్, బెర్తు కావాలంటే పెద్దవాళ్ల టికెట్టంతా. రాత్రి ప్రయాణం కాబట్టి బాబుకు బెర్తు తీసుకోండి. ఆ సగం డబ్బు మిగుల్చుకుని మీరు రాత్రంతా కూర్చుంటే మర్నాడు మధ్యాహ్నం దాకా రూములో పడుకుంటారు. అది మిగులు కింద రాదు.

తేదీల గురించి కఠినంగానే చెప్తాను. సంక్రాంతి మూడు రోజులూ మీకు ఇక్కడ చుట్టాలు లేకపోతే రావద్దు. భీమవరం, పాలకొల్లు, అమలాపురం లాడ్జీలు కోడిపందేలకు వచ్చేవాళ్లతో ఎప్పుడో బుక్ అయిపోయి ఉంటాయి. దొరికిన గదికి మామూలు రోజుల రేటుకు ఎన్ని రెట్లు చెప్తారో ఊహించలేం. కనుమ దాటగానే హైదరాబాద్ వెళ్లే ప్రైవేటు బస్సుల రేట్లు ఆకాశంలో ఉంటాయి. జనవరి చివరి వారానికి జరపండి. అదే చలి, అదే పచ్చదనం, గదులు మామూలు రేటుకు. పిల్లల స్కూలు రెండు మూడు రోజులు పోతుందని మీరు అనొచ్చు, దానికి నా దగ్గర సమాధానం లేదు. ఒక్క సంగతి చూసుకోండి. మాఘ శుద్ధ దశమి, ఏకాదశి రోజుల్లో అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణం, రథోత్సవం. ఆ రెండు రోజులూ అక్కడ ఇసుక వేస్తే రాలదు. కల్యాణమే చూడాలనుకుంటే సరే, లేకపోతే క్యాలెండర్ చూసుకుని తప్పించండి.

అయితే కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం (చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అలంకరించిన ప్రభలు మోసుకొచ్చే జాతర) చూడాలనే కోరిక ఉంటే మాత్రం దానికోసం ఖర్చు పెట్టినా తప్పులేదంటాను. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రా శకటంగా వెళ్లింది అదే. కానీ అప్పుడు అమలాపురం చుట్టుపక్కల తెలిసినవాళ్ల ఇల్లు చూసుకోండి, లాడ్జీ వెతకొద్దు.

ఇక పాపికొండలు. దీన్ని ఈ ట్రిప్పులోంచి తీసేయండి. పాపికొండలు పైన, కోనసీమ కింద. ఐదు రోజుల్లో రెండూ పెట్టుకుంటే ఒక రోజు పూర్తిగా పోతుంది, దానికి ముందూ వెనకా రాజమండ్రిలో పడుకోవాలి. మీ ప్లాన్ ఖరీదు పెంచుతున్నది ముఖ్యంగా ఇదే. ఇంకోసారి రెండు రోజులకు విడిగా రండి. వచ్చినప్పుడు మాత్రం అక్కడ పైసలు చూడొద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి మా వైపు ఎవరూ మర్చిపోలేదు. ఆ తర్వాతే కంట్రోల్ రూములు పెట్టారు. అనుమతి ఉన్న బోటు, పేర్లు రాసుకునే పద్ధతి, ఒంటి మీద లైఫ్ జాకెట్. ఈ మూడూ లేకుండా ఎవరైనా తలకు రెండొందలు తక్కువకు తీసుకెళ్తామంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. గోదావరి వరద మీద ఉన్నప్పుడు ఎలాగూ ఆపేస్తారు.

మిగిలిన ఐదు రోజులు ఇలా నడపొచ్చు.

మొదటి రోజు పొద్దున్నే పాలకొల్లులో దిగండి. లాడ్జీకి ముందే ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: మీది ఇరవై నాలుగు గంటల లెక్కా, మధ్యాహ్నం పన్నెండుకు చెకౌటా? చిన్న ఊళ్లలో చాలా లాడ్జీలు ఇరవై నాలుగు గంటల లెక్కే. పొద్దున ఏడుకు దిగితే మర్నాడు ఏడు దాకా మీదే. మధ్యాహ్నం పన్నెండు చెకౌటు ఉన్నచోట పొద్దున్నే దిగితే సగం రోజుకు మళ్లీ కట్టాల్సి వస్తుంది. ఆన్‌లైన్‌లో కన్నా నేరుగా మాట్లాడితే తగ్గే అవకాశం ఎక్కువ, ముఖ్యంగా రెండు రాత్రులు ఉంటామంటే. ఆ రోజు క్షీరారామం, ఓపిక ఉంటే బస్సులో భీమవరం వెళ్లి సోమారామం. టిఫిన్‌కు దిబ్బరొట్టె తినండి. పెనం నిండా మందంగా కాల్చిన మినపరొట్టె, చెరకు పానకంతో. పిల్లలు ఒకటి ఇద్దరు కలిసి తిన్నా మిగులుతుంది.

రెండో రోజు అంతర్వేది. ఇక్కడే ట్రావెల్స్ వాళ్లు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిప్పుతారు. సామాను లాడ్జీలోనే వదిలి, బస్సులో నరసాపురం వెళ్లి, రేవులో పంటు (మనుషుల్నీ బళ్లనీ నది దాటించే పెద్ద పడవ) ఎక్కి అవతలి గట్టున సఖినేటిపల్లిలో దిగండి. మనుషులు దాటడానికి అయ్యేది చిల్లర డబ్బులు. అవతల ఆటోలు ఉంటాయి. గుడి, సాగర సంగమం, లైట్‌హౌసు చూపించి తిరిగి రేవులో దింపడానికి, అక్కడ ఆగే టైముతో కలిపి ఒకే రేటు మాట్లాడుకోండి. ‘వెయిటింగు తర్వాత చూద్దాంలెండి’ అన్న ఆటో ఎక్కొద్దు. కారుతో పంటు ఎక్కాలనుకుంటే కారుకు విడిగా చార్జీ ఉంటుంది, రద్దీ రోజున లైనులో చాలాసేపు పడిగాపులు పడాలి. మనుషులుగా దాటడమే హాయి. పిల్లలకు హౌస్‌బోటు కన్నా ఆ పంటే ఎక్కువ నచ్చుతుందని నా పందెం. ఒకపక్క మోటారు సైకిళ్లు, ఇంకోపక్క చేపల బుట్టలు, మధ్యలో కాలేజీ పిల్లలు. ఆఖరి పంటు ఎన్నింటికో దిగేటప్పుడే అడిగి పెట్టుకోండి. అది తప్పితే వంతెన చుట్టూ ఆటోలో రావాలి, అప్పుడు వాడు అడిగిందే రేటు.

మూడో రోజు సామానుతో దిండి. పాలకొల్లు నుంచి రాజోలు వైపు వెళ్లే బస్సు చించినాడ వంతెన దాటగానే దిండి వస్తుంది. మీకు డబ్బు పెట్టాలని ఉంటే ఐదు రోజుల్లో ఈ ఒక్క రాత్రే పెట్టండి. శని, ఆదివారాలు కాకుండా చూసుకుంటే రేటులోనే తేడా తెలుస్తుంది. హౌస్‌బోటు తీసుకునే ముందు అది ఎన్ని గంటలు నడుస్తుందో అడగండి. రాత్రి గట్టున కట్టేసిన బోటులో పడుకోవడానికి హోటల్ గదికి రెండింతలు కట్టడం నాకైతే అర్థం కాదు. టూరిజం వాళ్ల రిసార్టులో గది తీసుకుని, సాయంత్రం ఒక గంట బోటు షికారు చేస్తే నది అంతే కనిపిస్తుంది.

నాలుగో రోజు రాజోలు, తాటిపాక మీదుగా అమలాపురం. మధ్యలో అప్పనపల్లి బాలబాలాజీ గుడి, వైనతేయ గట్టున. బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటుతారు. ఈ దారంతా బస్సులు, సర్వీసు ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. అయినా సామాను, పిల్లలు, పెద్దావిడ ఉన్నారు కాబట్టి రాజోలు నుంచి ఒక ఆటో పూర్తిగా మాట్లాడుకోండి. మధ్యాహ్నం గుడిలో అన్నప్రసాదం తినండి. ఈ జిల్లాల్లో పెద్ద గుళ్లలో చాలావాటికి నిత్యాన్నదానం ఉంది, టోకెన్ టైముకు వెళ్తే చాలు. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు ఎవరొచ్చినా అన్నం పెట్టిన సీమ ఇది, మొహమాటం అక్కర్లేదు. కానీ భోజనం ఖర్చు తగ్గిందని లెక్క రాసుకోవద్దు, అన్నదానం హుండీలో తోచింది వేసి రండి.

ఐదో రోజు ఒక్కటే కారు తీసుకోండి. పొద్దున అమలాపురంలో బయలుదేరి ముమ్మిడివరం, మురమళ్ల వీరేశ్వరస్వామి గుడి, ఎదుర్లంక వంతెన దాటి యానాం. అక్కడి నుంచి ద్రాక్షారామమో, లేక హైవే మీదే ముందుకెళ్తే కోరింగ మడ అడవులో ఒకటి ఎంచుకోండి. పిల్లలకు మడ అడవుల్లో చెక్క బాట మీద నడక బాగుంటుంది. మీ అమ్మగారికి ద్రాక్షారామం. ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకోండి, అందులో నేను తలదూర్చను. సాయంత్రం సామర్లకోటలో కుమారారామం చూసి రాత్రికి రైలు ఎక్కండి. కారు అమలాపురందే మాట్లాడుకోండి, రాజమండ్రిది కాదు. రాజమండ్రి కారైతే అక్కడి నుంచి రావడానికీ మీరే కట్టాలి. మిమ్మల్ని దింపి ఖాళీగా వెనక్కి వెళ్లే కిలోమీటర్లు ఎలాగూ వేస్తారు, అది న్యాయమే.

మా వైపు కారు ఇంకో పద్ధతిలోనూ ఇస్తారు. బండి అద్దె ఇంత, డ్రైవర్ బత్తా ఇంత, డీజిల్ మీరే కొట్టించుకోవాలి అని. తక్కువ దూరాలకు మీకు ఇదే లాభం. ఎక్కేటప్పుడు ముల్లు ఎక్కడుందో ఫోటో తీసుకోండి, దిగేటప్పుడు అక్కడికే తేవాలి. టోలు, పార్కింగ్, డ్రైవర్ భోజనం ఎవరిదో ఫోనులోనే తేల్చండి. ముగ్గురు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలకు మామూలు డిక్కీ ఉన్న కారు చాలు. ఇన్నోవా మీకు అవసరం లేదు, అంటగట్టేవాడికి అవసరం. పసుపు నంబరు ప్లేటు ఉన్న బండే ఎక్కండి. తెల్ల ప్లేటు బండి తక్కువకు వస్తుంది, కానీ ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు దగ్గర పేచీ వస్తుంది.

బస్సుల గురించి ఒకటి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ‘స్త్రీశక్తి’ కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. ఆంధ్రా అడ్రసు ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. మీది హైదరాబాద్ ఆధార్ కాబట్టి మీరు టికెట్ తీసుకోవాల్సిందే. మీ అమ్మగారిది తణుకు అని రాశారు. ఆవిడ ఆధార్‌లో ఇంకా తణుకు అడ్రసే ఉంటే ఒరిజినల్ కార్డు సంచిలో పెట్టమనండి, జీరో టికెట్ ఇస్తారు. హైదరాబాద్‌లో మాత్రం అదే కార్డుతో ఆవిడకు ఉచితం రాదు. ఉచితం అయ్యాక స్కూళ్ల టైములో బస్సులు కిక్కిరిసి ఉంటున్నాయి, పది దాటాక ఎక్కండి.

తిండికి ఇక్కడ పెద్దగా ఖర్చు కాదు, పేరున్న హోటలు కోసం పాతిక కిలోమీటర్లు వెళ్లకపోతే. అంబాజీపేటలో పొట్టిక్కలు దొరుకుతాయి, పనసాకుల బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు. చలికాలం కాబట్టి రోడ్డు పక్కన తేగలు అమ్ముతారు. కొబ్బరి బొండాలు హైదరాబాద్ రేటుతో పోలిస్తే నవ్వొస్తుంది. జనవరిలో ఎవరైనా ‘పులస ఉందండి’ అంటే మాత్రం జేబు పట్టుకోండి. పులస వచ్చేది వరద నీటితో, జులై నుంచి సెప్టెంబరు లోపు. మిగతా రోజుల్లో ఆ పేరుతో అమ్మేది ఎక్కువగా సముద్రపు విలసే. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు కానీ, విలస కోసం అమ్మమనలేదు. ఇంటికి పట్టుకెళ్లడానికి పూతరేకులు తీసుకుంటే డ్రైఫ్రూట్స్ వేసినవి వద్దు, రేటు మాత్రమే పెరుగుతుంది. బెల్లం, నెయ్యివి తీసుకోండి, ఒకటి తిని నెయ్యి వాసన చూసి కొనండి. నేరుగా ఆత్రేయపురం వెళ్తే బాగుంటుంది కానీ మీ దారిలో లేదు. దానికోసం కారు తిప్పితే ఆ పూతరేకులు బంగారం ధర పడతాయి.

యానాంలో పెట్రోలు మనకన్నా చౌక, అది పుదుచ్చేరి కిందికి వస్తుంది. డీజిల్ మీ ఖర్చైతే అక్కడే కొట్టించమని డ్రైవరుకు చెప్పండి, ఆయనే ముందు చెప్తాడు కూడా. మందు సీసాలు మాత్రం కొని డిక్కీలో పెట్టుకోవద్దు. సరిహద్దు దాటగానే ఆంధ్రా పోలీసులు ఆపితే మిగిలిన డబ్బంతా అక్కడే అయిపోతుంది.

తేదీలు జరపడం కుదిరితే ముందు గౌతమిలో సామర్లకోట నుంచి తిరుగు టికెట్లు చూడండి. వచ్చే రైలు కన్నా అదే ముందు నిండుతుంది. అవి దొరికాకే పాలకొల్లు గదికి ఫోన్ చేయండి. సంక్రాంతికే రావాలని ఇంట్లో పట్టుబడితే మీ అమ్మగారి తణుకు చుట్టాల ఇంట్లో చోటుందేమో కనుక్కుని ఇక్కడే రాయండి, దానికి తగ్గట్టు దారి వేరేగా చెప్తాను.